కరెంటు పోయిన రోజు

మా ఇంట్లో వస్తువులకి చావు లేదు, బదిలీలే. హాల్లో పనికిరానిది పడగ్గదికి వెళ్తుంది, అక్కడా పనికిరాకపోతే మంచం కిందకి, ఆఖరికి అటక మీదకి. మా టీచర్ల భాషలో అటకంటే ఏజెన్సీ పోస్టింగు. వెళ్లినవాళ్లు తిరిగి రావాలంటే పెద్ద పైరవీ కావాలి.

మొన్న దీపావళికి ముందు మా ఆవిడ అటక దులుపుతూ, కుంకుడుకాయల డబ్బా వెనక నుంచి ల్యాప్‌టాప్‌ని కిందకి దించింది. పైరవీ లేకుండా దిగిన మొదటి వస్తువు అదే. 2010లో కొన్నాను దాన్ని. 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, లోపల విండోస్ 7. ఆ రోజుల్లో దాన్ని భుజాన తగిలించుకుని బస్సెక్కితే కండక్టరు నన్ను "సార్" అనేవాడు. అంతకు ముందు పదేళ్ల నుంచీ నేను సారునే, కానీ ఆయనకి ఆ సంగతి సంచి చూశాకే తెలిసింది.

2016లో మా మేనల్లుడు "ఫ్రీగా ఇస్తున్నారు మావయ్యా, గడువు అయిపోతోంది" అంటూ దానికి విండోస్ 10 ఎక్కించాడు. ఫ్రీ అంటే వద్దనే వంశం కాదు మాది. అప్పట్నుంచి నేను స్విచ్ నొక్కి, పాలపాకెట్టు తెచ్చి, కాఫీ కలుపుకుని తాగి, గ్లాసు కూడా కడిగి వచ్చేసరికి తెర మీద ఇంకా చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉండేవి. ఎవర్నీ అనడానికి లేదు. బక్క ఎద్దుకి రెండు బళ్ల ఇటుక కట్టింది మేమే.

ఇప్పుడు ఆ విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి వెళ్దామంటే కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలట, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలట. మాదానికి రెండూ లేవు. పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లు కూడా టెట్ పాసవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందీ ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే. అందుకని ఆ ల్యాప్‌టాప్‌ని చూస్తే నాకు వస్తువును చూసినట్టు లేదు, స్టాఫ్ రూములో పక్క కుర్చీ మనిషిని చూసినట్టుంది.

"పాత సామాన్లవాడు మూడొందలు ఇస్తానన్నాడు. ఇచ్చేద్దామా, భోగి మంటలో పడేద్దామా?" అంది మా ఆవిడ.

"భోగి మంటలో వేస్తే బ్యాటరీ పేలుతుంది."

"అయితే భోగి దాకా టైమిస్తున్నాను. ఈలోపు దాన్ని పనికొచ్చేలా చెయ్యండి. లేకపోతే మూడొందలూ నావే."

"ఇప్పుడు కొత్తది కొనాలంటే ముప్ఫై వేలు. దీనికో తేలికపాటి ఆపరేటింగ్ సిస్టం వేస్తే పైసా ఖర్చు లేకుండా గుర్రంలా పరుగెడుతుంది," అన్నాను. ఈ 'పైసా ఖర్చు లేకుండా' అన్న ముక్కని మా ఆవిడ వంటింటి క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాసిపెట్టింది. అప్పుడు నేను గమనించలేదు.

పాత యంత్రానికి తేలికైన ఆపరేటింగ్ సిస్టం అంటే లినక్సే. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు దాని కెర్నెల్ రాయడం మొదలుపెట్టాడు. కెర్నెల్ అంటే మామిడికాయ ముక్క అనుకోండి. అందరికీ అదే ముక్క. ఆ పైన కారం ఎంత, ఆవపిండి ఎంత, మెంతులు వెయ్యాలా వద్దా, వెల్లుల్లి పడుతుందా పడదా అన్నది ఇంటింటి గొడవ. డెబియన్ అని ఒక పుట్టిల్లు ఉంది. అందులోంచి ఉబుంటు అనే అమ్మాయి కాపురానికి వెళ్లింది. ఆ ఇంట్లోంచి మింట్ వేరుపడింది. లుబుంటు, జుబుంటు అదే ఇంట్లో నూనె తక్కువ తినేవాళ్లు. ఇలా వందల జాడీలున్నాయి. ప్రతి జాడీ దగ్గరా ఒకరు నిలబడి, మిగతా జాడీల్లో ఉన్నది ఆవకాయే కాదంటుంటారు.

మనిషన్నవాడు ఒక జాడీ మూత తీసి, అన్నంలో కలుపుకుని తినాలి. నేను మూతలు తీసి వాసన చూడటం మొదలుపెట్టాను. దీపావళి నుంచి భోగి దాకా అదే పని.

మొదటి రెండు వారాలు ఒక తప్పుడు నమ్మకంతో గడిచాయి. 2010లో వచ్చిన విండోస్ 7 పెట్టె మీద 32 బిట్ అని ఉండటం నాకు గుర్తు. కాబట్టి యంత్రం కూడా 32 బిట్టేనని తీర్మానించుకున్నాను. ఇక చూడండి, లోకమంతా నాకు వ్యతిరేకంగా కుట్ర చేసినట్టే ఉంది. ఉబుంటు 2017లోనే డెస్క్‌టాప్‌కి 32 బిట్ ఆపేసింది. నిదానమే ప్రధానమని పేరున్న డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేసింది. పెద్దవాళ్లని ఇలా వదిలేస్తారా అని రోజూ రాత్రి భోజనం దగ్గర ఉపన్యాసం. మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ "ఎవర్ని వదిలేశారండీ?" అని ఒకసారి అడిగింది. "32 బిట్ వాళ్లని" అన్నాను. మా బంధువుల్లో ఎవరైనా అనుకుని కాసేపు ఆలోచించింది పాపం.

పదిహేనో రోజు మేనల్లుడు ఫోన్ చేశాడు. నా గోడంతా విని, "మావయ్యా, ఒకసారి ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టండి" అన్నాడు. కొట్టాను. ప్రాసెసర్ 32 బిట్, 64 బిట్ రెండూ చేయగలదని తెర మీద నింపాదిగా చెప్పింది. పదిహేనేళ్లుగా చెయ్యగలదు. ఎవరూ అడగలేదు. లెక్కల మాస్టారుగా నేను ఎంతమంది పిల్లల్ని ఇలా అడక్కుండా వెనక బెంచీలో కూర్చోబెట్టానో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం అయిపోయాక మేనల్లుడితో "నాకు ముందే అనుమానం వచ్చిందిరా" అన్నాను.

పెన్‌డ్రైవ్ సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. లినక్స్ ఉన్న ఐఎస్ఓ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు అందులో ఉన్నదంతా తుడుచుకుపోతుందని ఆ సాఫ్ట్‌వేర్ స్పష్టంగా హెచ్చరిస్తుంది. హెచ్చరికలు పిల్లలకి కదా అనుకుని సరే నొక్కాను. అది మా బావమరిది గృహప్రవేశం వీడియో ఉన్న పెన్‌డ్రైవ్. రెండు గంటల నలభై నిమిషాల వీడియో. ఇప్పటికి మూడు నెలలైంది, ఒక్కరంటే ఒక్కరు దాని గురించి అడగలేదు. గృహప్రవేశం వీడియోల రాత అంతే. ఈ ముక్క చదివితే బావమరిది అడగొచ్చు. చూస్తాను.

అందరూ పడుకున్నాక చెయ్యడం నా పద్ధతి. పగలు చేస్తే విఫలమైనప్పుడు సాక్షులుంటారు. ఒకరోజు రాత్రి ఒంటిగంటకి పప్పీ లినక్స్ పెట్టాను. ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ అనే ఆయన 2003లో మొదలుపెట్టి, తన కుక్క గుర్తుగా ఆ పేరు పెట్టాడు. మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుని అక్కడి నుంచే పరుగెడుతుంది కాబట్టి చూడముచ్చటగా ఉంటుంది. నేను వేసిన వెర్షన్‌లో డెస్క్‌టాప్ రాగానే స్పీకర్లోంచి కుక్క రెండుసార్లు మొరిగింది. వాల్యూమ్ నిండుగా ఉంది. వీధిలో పడుకున్న నాలుగు కుక్కలు వెంటనే సమాధానం చెప్పాయి. వాటికి పక్క వీధివి జవాబిచ్చాయి. లోపలి గదిలోంచి మా అత్తగారి గొంతు: "అల్లుడుగారూ, గేటు వేశారా?"

వేశానండీ అన్నాను. ల్యాప్‌టాప్ మొరిగిందని ఒంటిగంట వేళ అత్తగారికి చెప్పగల అల్లుడు ఇంకా పుట్టలేదు.

తర్వాత బోధి లినక్స్. దాని డెస్క్‌టాప్ పేరు మోక్ష. పేరు చూసే దించుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. "మోక్ష వచ్చేసింది" అని ఉత్సాహంగా కేకేస్తే మా ఆవిడ వంటింట్లోంచి, "వచ్చేముందు గ్యాస్ బుక్ చేసి వెళ్లండి" అంది. టైనీ కోర్ అని మరొకటుంది, మొత్తం కలిపి సుమారు 23 ఎంబీ. మా స్కూలు గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలు రెండు కలిపితే అంతకంటే బరువు. దాన్ని వేస్తే తెరంతా ఖాళీ, కింద నాలుగు బొమ్మలు. అద్దెకి దిగేముందు ఖాళీ ఇల్లు చూసినట్టుంది. ఏది కావాలన్నా మనమే నెట్ నుంచి తెచ్చుకోవాలి.

ఆ నెట్ దగ్గరే కథ ఇంకో మలుపు తిరిగింది. మాదాని వైఫై చిప్పుకి ప్రత్యేకంగా డ్రైవర్ కావాలి. డ్రైవర్ కావాలంటే నెట్ నుంచి దించుకోవాలి. నెట్ కావాలంటే వైఫై ఉండాలి. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టు. రెండ్రోజులు తల పట్టుకుని, బజారుకెళ్లి 450 పెట్టి యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కొచ్చాను. ఫోన్‌ని ఛార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కి కలిపి టెథరింగ్ నొక్కితే చాలని ఆ సాయంత్రం మేనల్లుడు చెప్పాడు. డాంగిల్ ఇప్పటికీ టీవీ కింద సొరుగులో ఉంది. వచ్చే ఏడాదికి మంచం కిందకి వస్తుంది.

ఇక మా అత్తగారి విషయానికి రావాలి. వాయిదా వేసుకుంటూ వచ్చాను, ఇక కుదరదు.

మా అత్తగారు టైపిస్టు. టైపిస్టు అంటే మామూలు టైపిస్టు కాదు, తెలుగు టైపు హయ్యర్ పాసైన మనిషి. 1974లో అధికార భాషా సంఘం వచ్చి, ఆఫీసు కాగితాలు తెలుగులో నడవాలని పట్టుబట్టిన రోజుల్లో, కోనసీమలో ఒక తాలూకా ఆఫీసులో చేరారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ముగ్గురు తాసీల్దార్లు రిటైరయ్యారు. ఆవిడ మిషను మాత్రం మారలేదు. మావగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ రోజు విడిచి రోజు ఫోన్ చేసి, "అమ్మమ్మా, మాగాయకి ఊరబెట్టేటప్పుడు ఉప్పెంత?" అని అడుగుతుంటుంది. చెప్పింది ఎక్కడా రాసుకోదు. మళ్లీ అడుగుతుంది. అలా విసిగిన అత్తగారు ఒకరోజు నా టేబుల్ దగ్గరికొచ్చి, "అల్లుడుగారూ, ఇందులో తెలుగు టైపు కొట్టొచ్చా?" అన్నారు.

నేను ఇన్నాళ్లుగా దాన్ని ఏం చేద్దామనుకుంటున్నానో ఎవరూ అడగలేదు. అడిగుంటే నా దగ్గర జవాబు లేదు. ఎక్కించడం, దించడం, ఆన్ అయ్యేందుకు ఎన్ని సెకన్లు పట్టిందో సెల్‌ఫోన్ పెట్టి కొలవడం, అంతవరకే నా పథకం. పని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"అయ్యో, భేషుగ్గా కొట్టొచ్చండీ," అన్నాను.

కొట్టొచ్చు, ఒక్క అడ్డంకి తప్ప. ఆ ల్యాప్‌టాప్‌కి 'ఏ' అన్న ఇంగ్లిష్ అక్షరం మీట లేదు. ఏనాడో ఊడిపోయి, ఆ చోట పిప్పిపన్ను తీసినట్టు రబ్బరు బొడిపె కనిపిస్తుంది. మనం ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో 'ఏ' లేకపోతే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? అమ్మ అని కొడితే 'మ్మ్' వస్తుంది. రామారావు 'ర్మ్ర్వు' అవుతాడు. తెలుగు మొత్తం నోట్లో జామకాయ పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. అత్తగారు నేర్చిన టైపు మిషను అమరిక నాకు జాబితాలో కనపడలేదు. అప్పుడు ఇన్‌స్క్రిప్ట్ ఉందని గుర్తొచ్చింది. దేశభాషలన్నిటికీ ఒకే తీరు, అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఇంచుమించు కుడి చేతికి. లినక్స్‌లో ఏదీ కొత్తగా ఎక్కించకుండానే కీబోర్డు మార్చుకోవచ్చు. అందులో ఆ ఊడిన మీట చోట ఓత్వం ఉంటుంది. అంటే పోయేది ఒక్క ఓత్వమే.

జుబుంటుని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, ల్యాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టాను. మొదటిరోజు ఒక్కో అక్షరాన్నీ పప్పులో రాయి ఏరినట్టు ఏరుకున్నారు. నాలుగో రోజుకి తెర మీంచి చూపు తిప్పకుండా కొడుతున్నారు. గోంగూర 'గొంగూర' అయింది, కోనసీమ 'కొనసీమ' అయింది, ఓమపొడి 'ఒమపొడి' అయింది. "పోనిద్దురూ, ఓత్వం లేకపోయినా పులుపు తగ్గదు," అన్నారు. ఆ మధ్యాహ్నానికి మాగాయ, గోంగూర పచ్చడి, పనసపొట్టు ఆవపెట్టిన కూర, పులిహోరావకాయ అన్నీ కలిపి ఏడు పేజీలు అయ్యాయి. కొలతలన్నీ గిద్దెలు, సోలలు, తవ్వల్లో.

ఇక్కడో సాంకేతిక విషయం చెప్పాలి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపేది చూసి పోవడానికి మాత్రమే. పెళ్లిచూపుల్లాంటిది. ఆ ఇంట్లో మీరు ఏం దాచుకున్నా, యంత్రం ఆపగానే ఆవిరైపోతుంది. పెన్‌డ్రైవ్‌లో విడిగా చోటు కేటాయించి ఉంచితే నిలుస్తుంది, లేకపోతే ఇంకో డ్రైవ్‌లోకి కాపీ తీసుకోవాలి. నాకు ఈ సంగతి తెలుసు. ఎంత బాగా తెలుసంటే, స్టాఫ్ రూములో ఇద్దరికి వివరించి చెప్పాను కూడా.

ఆ మధ్యాహ్నం అత్తగారు టైపు ఆపి వంటింట్లోకి వెళ్లారు. గారెలకి మినప్పప్పు వేసినట్టున్నారు, గ్రైండర్ గరగరమంటోంది. నా జేబులో ఎంఎక్స్ లినక్స్ ఎక్కించిన కొత్త పెన్‌డ్రైవ్ ఉంది. అది జుబుంటు కంటే నాలుగు సెకన్ల ముందు లేస్తుందేమోనని పొద్దుట్నుంచీ మనసు పీకుతోంది. ఆవిడ వచ్చేలోపు చూసేద్దామనుకున్నాను. ఆపాను. పాత పెన్‌డ్రైవ్ పీకాను, కొత్తది గుచ్చాను. ఎఫ్12 నొక్కాను. సెకన్లు లెక్కపెడుతున్నాను. ముప్ఫై ఏడో, ముప్ఫై ఎనిమిదో సెకను దగ్గర ఆ ఏడు పేజీలు గుర్తొచ్చాయి.

చెమటలు పట్టడం అంటే ఏమిటో డిసెంబరులో తెలిసింది నాకు.

అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. తెర మీద వేరే రంగు, వేరే బొమ్మ. నేను నోరు తెరిచాను. అందులోంచి వచ్చిన మాట ఇది: "కరెంటు పోయిందండీ."

నమ్మదగ్గ అబద్ధమే. బ్యాటరీ చచ్చి ఎనిమిదేళ్లయింది, ప్లగ్గు పీకితే యంత్రం ఆరిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ ఒక్కసారి నా మొహం చూశారు, ఒక్కసారి తెర చూశారు. "అలాగా," అన్నారు. లోపలికి వెళ్లిపోయారు. ఆ రాత్రి నుంచి మా అమ్మాయి పాత నోట్సు పుస్తకంలో వెనక పేజీల నుంచి చేత్తో రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ కలం చప్పుడు నా గదిలోకి వినపడేది. ఆ చప్పుడులో నిద్ర పట్టేది కాదు.

ప్రాయశ్చిత్తం ఖర్చుతో కూడిన పని. మర్నాడే మా ఊళ్లో దేవీచౌక్ దగ్గర ఒక కుర్రాడి రిపేరు కొట్టుకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాను. వాడు చిన్న స్క్రూడ్రైవర్‌తో అడుగు మూత విప్పి, ఫ్యాన్ దగ్గర్నుంచి దూది లాంటి దుమ్ముని ఒక ఉండలా పైకి తీశాడు. దిండులో సగానికి వస్తుంది. నేను డెస్క్‌టాప్‌లలో ఎల్ఎక్స్‌క్యూటీ మంచిదా ఎక్స్ఎఫ్‌సీఈ మంచిదా అన్న చర్చ మొదలుపెట్టబోతుంటే, "సార్, ఆపరేటింగ్ సిస్టం ఏదైనా ఒకటే సార్. ముందు ఈ తిరిగే హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టండి" అన్నాడు. ఇన్నాళ్లూ నేను తిరిగిన ఊళ్లన్నీ వాడు ఒక్క వాక్యంలో దాటేశాడు. పాత డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది, సూది దాని మీద వెతుక్కుంటూ ఉంటుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, వెతికే సూదీ లేదు. నాకిది తెలియదని కాదు. కానీ ఎస్ఎస్‌డీ కొంటే అరగంటలో పని అయిపోతుంది. అరగంటలో అయిపోయే పనికి రాత్రిళ్లు మేలుకునే వీలుండదు కదా.

ర్యామ్ కూడా మరో 2 జీబీ వేయించాను. అత్తగారికి లెక్క చెప్పాలనుకున్నాను, ఆ వంకతో మాట కలుస్తుందని. "రెండు జీబీ అంటే ఎంతండీ? సోలా, తవ్వా?" అన్నారు. సోల అనుకోండి అన్నాను. ఉత్త ఆపరేటింగ్ సిస్టం అయితే అందులో ఒక గిద్దె కూడా తాగదు, కానీ బ్రౌజర్ తెరిచి యూట్యూబు, మెయిలు, నాలుగు పేజీలు పెడితే మానికెడు అడుగుతుంది అన్నాను. "అయితే తేలికైంది ఎంత వెతికితే మాత్రం ఏం లాభం? తాగేది చెంబు కాదు కదా," అన్నారు. 2 జీబీ యంత్రం మీద ఇంతకంటే సరైన మాట నాకు ఎక్కడా దొరకలేదు. ఎంత బక్క లినక్స్ వేసినా బయట వెబ్ పేజీలు పదిహేనేళ్లలో ఒళ్లు చేశాయి. వాటిని మనం మార్చలేం. తెర మీద ఒకసారికి రెండే కిటికీలు తెరుచుకుని, మర్యాదగా ఉండాలి.

ఆఖరికి డెబియన్ వేశాం. 'వేశాం' అని ఎందుకంటున్నానంటే, దాని గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఎంచుకోవచ్చు. తెలుగు కనపడగానే అత్తగారు కళ్లజోడు పెట్టుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ప్రతి తెరా పైకి చదివారు. మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా, తాసీల్దారు సంతకానికి పెట్టేముందు కాగితం చదివినట్టు. నేను ఆ తెరల్ని ఇప్పటిదాకా కొన్ని పదుల సార్లు చూసి ఉంటాను, ఒక్కటీ చదవలేదు. డిస్క్‌ని పార్టిషన్ చెయ్యాలి అన్నాను. "పంపకాలా? పారీకత్తు రాసుకోకుండా పంచేస్తారా? ముందున్న కాగితాలు ఎక్కడ భద్రం చేశారు?" అని అడిగారు. బ్యాకప్ గురించి నాకు తెలిసినవాళ్లలో ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు. పాత డిస్క్‌లో అమ్మాయి చిన్నప్పటి ఫోటోలున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. లేచి వాటిని వేరే డ్రైవ్‌లోకి తీశాను. ఆవిడ ఆ కాసేపూ ముందుకెళ్లే బటన్ నొక్కనివ్వలేదు.

డెబియన్ పేరు వెనక కథ మాత్రం ఆ రోజు మా ఆవిడకి చెప్పకుండా ఉండాల్సింది. 1993లో ఇయాన్ మర్డాక్ దాన్ని మొదలుపెట్టి, తన స్నేహితురాలు డెబ్రా పేరులో సగం, తన పేరు కలిపి డెబియన్ అన్నాడు. "చూడండి, మీరు నా పేరు స్కూటర్ వెనక కూడా రాయించలేదు," అంది. ఆ సాయంత్రం క్యాలెండర్ మీద లెక్క కూడా తీసింది. పెన్‌డ్రైవులు మూడు 1,150. డాంగిల్ 450. ఎస్ఎస్‌డీ 1,850. పాత ర్యామ్ 700. బ్యాటరీ 1,900. దుమ్ము తీసి పేస్టు రాసినందుకు 150. మొత్తం 6,200. పైన దీపావళి ముందరి తేదీ గడిలో నా మాట: పైసా ఖర్చు లేకుండా. కింద ఆవిడ ఇంకో అంకె కలిపింది: పాత సామాన్లవాడివి 300. నేను లెక్కల మాస్టార్ని కాబట్టి కూడిక సరిచూసి ఇచ్చాను. సరిగ్గానే ఉంది.

నేను చేసిన మంచిపని ఒక్కటుంది, చెప్పుకోనివ్వండి. ఆ ఊడిన మీట బాధ్యతని దాని పక్కనే ఉన్న క్యాప్స్ లాక్‌కి అప్పగించాను. ఊరెళ్తూ పక్కింటివాళ్లకి తాళంచెవి ఇచ్చినట్టు. ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. తెలుగులో పెద్దక్షరాలు లేవు కాబట్టి క్యాప్స్ లాక్ ఇన్నాళ్లూ జీతం తీసుకుంటూ ఊరికే కూర్చుంది, దానికీ ఒక పని దొరికింది. అత్తగారు మొదట కోనసీమ అని కొట్టి చూసుకున్నారు. తర్వాత నోట్సు పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు మొదలుపెట్టారు. నాతో ఏమీ అనలేదు.

భోగి ముందు రోజు రాత్రి. బయట పిల్లలు పిడకల దండలు గుచ్చుతున్నారు. ల్యాప్‌టాప్ భోగి మంట తప్పించుకుంది. ఇరవై సెకన్లలో లేస్తోంది, రాసింది దాస్తోంది, అడిగినప్పుడు చూపిస్తోంది. ఇంకేం కావాలి? నా పైజమా జేబులో నాలుగో పెన్‌డ్రైవ్ ఉంది. అందులో యాంటీఎక్స్ అనే ఇంకో లినక్స్. 6,200 లెక్కలోకి అది రాలేదు, స్టాఫ్ రూములో అప్పు తెచ్చుకున్నది. డెబియన్‌తో పాటు ఒక మూల దాన్ని కూడా వేసి చూస్తే పదహారు సెకన్లకి లేస్తుందేమో అని.

అత్తగారు హాల్లో కూర్చుని కొడుతున్నారు. మెల్లగా వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

"ఏం కావాలండీ?" అన్నారు, తల తిప్పకుండా.

"ఏం లేదండీ. మీరు లేచాక చిన్న అప్‌డేట్ ఒకటి చేద్దామని."

"అప్‌డేటా అల్లుడుగారూ, మళ్లీ కరెంటు పోవడమా?"

వేళ్లు ఆగలేదు. గోంగూర కడిగి, బట్ట మీద ఆరబెట్టి అన్న దగ్గరున్నారు. గోంగూరకి ఓత్వం పడింది.

"ఆ రోజు గ్రైండర్‌కి మాత్రం పోలేదండీ," అన్నారు.

ఎడమ చెయ్యి కీబోర్డు మీంచి తీసి వెనక్కి చాపారు. పెన్‌డ్రైవ్ తీసి ఆ చేతిలో పెట్టాను. దాన్ని బొడ్డున దోపుకుని, మళ్లీ క్యాప్స్ లాక్ మీద చిటికెన వేలు పెట్టారు.